ఇంట్లో కంప్యూటర్‌కి రికవరీ డ్రైవ్ చెయ్యాలి: ఎంత పెన్ డ్రైవ్ కావాలి, మన ఫైళ్ళు కూడా అందులోకి వస్తాయా?

కాశీనగర్_కోడలు
మొన్న గాలివానకి కరెంటు పోతూ వస్తూ ఆడుకుంది. ఆ దెబ్బతో మా పక్కింటివాళ్ళ కంప్యూటర్ లేవడం మానీసింది, నీలం తెర వచ్చి అక్కడే ఆగిపోతోంది. రిపేరు షాపుకి పట్టుకెళ్తే "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి" అన్నారు, కొట్టీసి ఇచ్చీశారు. వాళ్ళ అమ్మాయి పెళ్ళి ఫోటోలు, అబ్బాయి ప్రాజెక్టు, అన్నీ పోయాయి. ముందు ఫైళ్ళు తీసి పెట్టాలా అని ఒక్క మాట అడగలేదంట. వింటుంటే నాకే కడుపు రగిలిపోయింది.

మాది విండోస్ 11 డెస్క్‌టాప్. మావయ్యగారి భూమి పట్టాలు స్కాన్ చేసినవి, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. రికవరీ డ్రైవ్ అని ముందే చేసి పెట్టుకోవచ్చని విన్నాను. వెతికితే ఆ టూల్ దొరికింది గానీ, నా 8 జీబీ పెన్ డ్రైవ్ పెడితే చాలదంటోంది. ఎంతది కొనాలి? మా ఫైళ్ళు కూడా దాంట్లోకి ఎక్కుతాయా? మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? కాస్త విడమరిచి చెప్పండి.

గంజాం_గాలివాన
గాలివాన అంటే నన్నే అన్నారనుకుని పరిగెత్తుకొచ్చాను.

32 జీబీ కొనీయండి. మిగతాది మాస్టారు వచ్చి చెప్తారు.

పెన్‌డ్రైవ్_పంతులు
వచ్చాను.

అమ్మా, అన్నిటికన్నా ముఖ్యమైనది ముందు చెప్తాను. రికవరీ డ్రైవ్‌లోకి మీ ఫైళ్ళు ఒక్కటి కూడా ఎక్కవు. అది విండోస్‌ని బతికించుకోవడానికి, అంతే. పట్టాలు, సర్టిఫికెట్లు వేరే డిస్క్‌లోకి విడిగా కాపీ చేసుకోవాల్సిందే. చాలామంది ఇక్కడే పొరబడి, పెన్ డ్రైవ్ చేసీశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. పైగా ఆ డ్రైవ్‌తో విండోస్‌ని తిరిగి ఎక్కిస్తే కంప్యూటర్‌లో ఉన్న మీ ఫైళ్ళు, మీరు తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు తుడిచిపెట్టుకుపోతాయి.

ఇక సైజు. సిస్టమ్ ఫైళ్ళతో సహా చెయ్యాలంటే 16 జీబీకి తగ్గితే కుదరదు, కొత్త మెషిన్లలో టూలే 32 అడుగుతోంది. 32 కొంటే మళ్ళీ షాపుకి తిరగక్కర్లేదు. 128 కొన్నా లాభం లేదు, టూల్ దాన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేస్తుంది కాబట్టి 32కి మించి వాడుకోదు. ఆ పెన్ డ్రైవ్‌లో అంతకుముందు ఏమున్నా పోతుంది, ఖాళీదే పెట్టండి.

స్టార్ట్‌లో రికవరీ డ్రైవ్ అని కొడితే టూల్ వస్తుంది. అనుమతి అడిగితే ఎస్ అనండి. మొదటి తెర మీదే "బ్యాకప్ సిస్టమ్ ఫైల్స్ టు ద రికవరీ డ్రైవ్" అని చిన్న టిక్కు పెట్టె ఉంటుంది. ఆ టిక్కు ఉంటే హార్డ్ డిస్క్ మొత్తం పోయి కొత్తది వేసినా ఈ పెన్ డ్రైవ్ నుంచే విండోస్ ఎక్కుతుంది. టిక్కు తీసీస్తే రిపేరు పనిముట్లు మాత్రమే వస్తాయి: స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, చెడ్డ అప్‌డేట్‌ని తీసెయ్యడం, కమాండ్ ప్రాంప్ట్. దానికైతే మీ 8 జీబీదే ఎక్కువ. పక్కింటివాళ్ళ దగ్గర ఆ చిన్నది ఉన్నా ఫార్మాట్ దాకా వెళ్ళకుండా స్టార్టప్ రిపేర్ కొట్టి చూసేవారు.

నెక్స్ట్ కొట్టి, మీ పెన్ డ్రైవ్ పేరు ఎంచుకుని, క్రియేట్ అనండి. పాత యూఎస్‌బీ 2.0 పెన్ డ్రైవ్ అయితే గంట దాటినా కంగారు పడొద్దు, ఆకుపచ్చ గీత చాలాసేపు కదలకుండా నిలబడుతుంది. ఆ సమయంలో కరెంటు పోతే పెన్ డ్రైవ్ సగంలో ఆగుతుంది, అంతే. మళ్ళీ మొదట్నుంచి చేసుకోవాలి. అసలు భయపడాల్సింది విండోస్ అప్‌డేట్ అవుతున్నప్పుడో, బయోస్ (ఆన్ చెయ్యగానే విండోస్ కన్నా ముందు నడిచే లోపలి ప్రోగ్రాం) అప్‌డేట్ అవుతున్నప్పుడో కరెంటు పోతే.

బరంపురం_బావ
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పెన్ డ్రైవ్ ఎక్కడ పడితే అక్కడ కొనొద్దు. రైల్లో, జాతరలో, ఫుట్‌పాత్ మీద అమ్మేవాటిల్లో సగం దొంగ సరుకు. పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల 8 కూడా ఉండదు. కాపీ అయినట్టే చూపిస్తుంది, అవసరానికి తెరిస్తే ఫైళ్ళన్నీ పాడు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని చిన్న ఉచిత టూల్ ఉంది, అది పెన్ డ్రైవ్ నిండా రాసి మళ్ళీ చదివి అసలు సైజు ఎంతో తేల్చీస్తుంది. కొన్న రోజే అది ఒకసారి తిప్పి, ఆ తర్వాతే రికవరీ డ్రైవ్ చెయ్యండి.

గంజాం_గాలివాన
మా తమ్ముడు జాతరలో 2 టీబీ పెన్ డ్రైవ్ తెచ్చాడు. ఇప్పుడు తాళంచెవుల గుత్తికి బాగా పనికొస్తోంది.

రాయగడ_ఎక్స్‌ప్రెస్
నేను ఒప్పుకోను. ఈ రికవరీ డ్రైవ్ గొడవంతా అనవసరం. మైక్రోసాఫ్ట్ వాళ్ళ మీడియా క్రియేషన్ టూల్ దించుకుంటే 8 జీబీ పెన్ డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ తయారవుతుంది. అది ఏ మెషిన్‌కైనా పని చేస్తుంది, రికవరీ డ్రైవ్ ఏ మెషిన్‌లో చేస్తే ఆ మెషిన్ కోసమే. ఇన్‌స్టాలర్‌లోనూ "రిపేర్ యువర్ కంప్యూటర్" ఉంటుంది, స్టార్టప్ రిపేర్, కమాండ్ ప్రాంప్ట్ అన్నీ వస్తాయి. కోడలు గారి దగ్గరున్న 8 జీబీదే సరిపోతుంది. మళ్ళీ 32 ఎందుకు కొనిపిస్తున్నారు?

గుణుపురం_కుర్రోడు
@రాయగడ_ఎక్స్‌ప్రెస్ అన్నా, నాకు జరిగింది విను. కొత్త లాప్‌టాప్‌లో ఆ ఇన్‌స్టాలర్‌తో విండోస్ 11 వేద్దామని కూర్చున్నాం. ఏ డిస్క్‌లో వెయ్యాలో అడిగే తెర దగ్గర డిస్కే కనిపించలేదు, పట్టిక ఖాళీ. ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని మా నాన్న తల పట్టుకున్నారు.

పెన్‌డ్రైవ్_పంతులు
డిస్క్ పోలేదు తమ్ముడూ. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో వీఎండీ అనేది (డిస్క్‌ని నడిపే ఇంటెల్ పద్ధతి) బయోస్‌లో ఆన్ చేసి ఇస్తారు. దాని డ్రైవర్, అంటే విండోస్‌కి ఆ భాగాన్ని నడపడం నేర్పే చిన్న ప్రోగ్రాం, మామూలు ఇన్‌స్టాలర్‌లో లేకపోతే డిస్క్ కంటికి కనపడదు. లాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి ఆ ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్ దించి, అదే పెన్ డ్రైవ్‌లో వేసి, ఆ తెర మీద "లోడ్ డ్రైవర్" కొట్టి చూపిస్తే డిస్క్ బయటపడుతుంది.

వైఫైదీ ఇదే తంటా. ఇన్‌స్టాల్ అయ్యాక విండోస్ 11 ఇంటర్నెట్ ఇవ్వందే ముందుకి కదలదు, వైఫై డ్రైవరేమో ఉండదు. అప్పుడు ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం) ఆన్ చేస్తే చాలావాటిలో గట్టెక్కుతాం. అదే మెషిన్‌లో చేసిన రికవరీ డ్రైవ్ అయితే డ్రైవర్లు దానితోపాటే వస్తాయి కాబట్టి ఈ తిప్పలుండవు. 32 అన్నది అందుకే @రాయగడ_ఎక్స్‌ప్రెస్.

రాయగడ_ఎక్స్‌ప్రెస్
డ్రైవర్ల సంగతి సరే, ఒప్పుకుంటాను. కానీ మా ఇంట్లో, అత్తగారింట్లో, చిన్నాన్న ఇంట్లో కలిపి చాలా మెషిన్లు చూసుకోవాలి నేను. ఒక్కోదానికి ఒక్కో 32 జీబీ పెన్ డ్రైవ్ కొని, ఏడాదికోసారి అన్నీ మళ్ళీ చెయ్యాలంటే ఎవరివల్ల అవుతుంది? నాలాంటివాళ్ళకి ఇన్‌స్టాలర్ ఒకటి, డ్రైవర్లు ఒక ఫోల్డర్‌లో. ఇంట్లో ఒక్క మెషినే ఉన్నవాళ్ళు మాస్టారు చెప్పినట్టు చేసుకోండి.

కాశీనగర్_కోడలు
ఏడాదికోసారి మళ్ళీ చెయ్యాలా? అది ఎవరూ చెప్పలేదే!

బరంపురం_బావ
చెయ్యకపోతే పాడైపోదు గానీ పాత విండోసే వస్తుంది, ఆ తర్వాత అప్‌డేట్లన్నీ గంటలకొద్దీ దించుకోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ళే ఏడాదికోసారి చేసుకోమంటారు. మేం తుఫాన్ల కాలానికి ముందు, సెప్టెంబర్‌లో చేసుకుంటాం. మనవైపు అక్టోబర్ అంటే తెలుసు కదా: 2013లో ఫైలిన్ 12వ తేదీ, 2018లో తిత్లీ 11వ తేదీ. దసరాకి ఇల్లు దులిపే ముందు కంప్యూటర్ పని కూడా అయిపోతుంది.

విండోస్ 10 నుంచి 11కి ఎక్కినవాళ్ళు మాత్రం ఏడాది దాకా ఆగకండి. 10లో చేసిన డ్రైవ్ మిమ్మల్ని మళ్ళీ 10కే తీసుకెళ్తుంది, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది.

పట్టు_మగ్గం
బరంపురంలో మాది చీరల వ్యాపారం, లెక్కలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లోనే. మా ఉద్దేశంలో రికవరీ డ్రైవ్ సగం పనే. విండోస్ తిరిగి వస్తుంది సరే, ట్యాలీ మళ్ళీ వెయ్యాలి, ప్రింటర్ మళ్ళీ కలపాలి, ఒరియా టైపింగ్, తెలుగు టైపింగ్ మళ్ళీ పెట్టాలి. పండగ ముందు ఆ పని పడితే దుకాణం కట్టీసుకోవాలి. మేం క్లోన్‌జిల్లా అనే టూల్‌తో డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి బయటి హార్డ్ డిస్క్‌లో పెడతాం. ఏదైనా అయితే ఆ ఇమేజ్ ఎక్కిస్తే ఆ రోజు ఎలా ఉందో అలాగే లేస్తుంది, పాస్‌వర్డ్‌తో సహా. ట్యాలీ డేటా మాత్రం రోజూ రాత్రి విడిగా కాపీ.

బరంపురం_బావ
మీ వ్యాపారానికి అది కావాలి అన్నా, కాదనను. కానీ క్లోన్‌జిల్లా తెర చూశారా మీరు? నల్ల తెర మీద ఇంగ్లీషు మెనూలు. సోర్స్ ఏదో టార్గెట్ ఏదో తారుమారు చేస్తే ఉన్న డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది. కోడలు గారిని మొదటిరోజే అందులోకి దింపొద్దు.

పట్టు_మగ్గం
రెస్క్యూజిల్లా అని ఉంది, దాన్లో మౌస్‌తో నొక్కుకుంటూ పోవచ్చు. క్లోన్‌జిల్లా ఇమేజ్‌ల్నీ తెరుస్తుంది. దింపమని కాదు, ఉందని తెలియాలి కదా.

జయపురం_లినక్స్
అందరూ విండోస్ గోలలో పడి అసలు విషయం వదిలీశారు. విండోస్ లేవనప్పుడు ముందు ఫైళ్ళు బయటికి తీసుకోవాలి, ఆ తర్వాతే రిపేరు. లినక్స్ మింట్ (విండోస్ బదులు నడిచే ఇంకో సిస్టమ్) పెన్ డ్రైవ్ ఒకటి చేసుకోండి. ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, పెన్ డ్రైవ్ నుంచే నడుస్తుంది. విండోస్ డిస్క్ ఫోల్డర్‌లా తెరుచుకుంటుంది, కావాల్సినవి వేరే డ్రైవ్‌లోకి లాక్కోవచ్చు. అప్పటికి విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకపోయుంటే డిస్క్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. మనకి కావాల్సింది చదవడమే కాబట్టి ఇబ్బంది లేదు.

గంజాం_గాలివాన
లినక్స్ అనే మాట లేకుండా ఈయన పోస్టు ఇంతవరకు నేను చూళ్ళేదు.

జయపురం_లినక్స్
చూస్తావు, నువ్వు గాలివాన అనే మాట లేకుండా పోస్టు పెట్టిన రోజు.

బరంపురం_బావ
లినక్స్ లేకుండా కూడా అవుతుంది, రికవరీ డ్రైవ్‌తోనే. దాంతో బూట్ చేసి, అంటే కంప్యూటర్‌ని ఆ పెన్ డ్రైవ్ నుంచి లేపి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ దాకా వెళ్ళండి. ఆ నల్ల తెర మీద నోట్‌ప్యాడ్ అని కొట్టి ఎంటర్ నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్. కింద "టెక్స్ట్ డాక్యుమెంట్స్" అని ఉన్నచోట "ఆల్ ఫైల్స్" చెయ్యండి. ఇప్పుడు ఆ చిన్న కిటికీయే మీకు ఫైల్ ఎక్స్‌ప్లోరర్. దిస్ పీసీ కొట్టి, మీ డిస్క్‌లో యూజర్స్, మీ పేరు, డాక్యుమెంట్స్ దాకా పోయి, ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి కాపీ, ఇంకో పెన్ డ్రైవ్‌లో పేస్ట్. ఎంత అయిందో గీత చూపించదు, కదలకుండా ఉన్నట్టుంటుంది. అయిపోయేదాకా ఆగాలి. అక్కడ సీ డ్రైవ్ పేరు డీ అనో ఈ అనో కనిపించొచ్చు, కంగారు పడకుండా లోపల యూజర్స్ ఫోల్డర్ ఉన్నదేదో చూసుకోండి. మా పెదనాన్న కొడుకు ఇంటి కొలతల ప్లాన్లన్నీ ఇలాగే బయటికి తీశాను.

కాశీనగర్_కోడలు
ఇది నిజంగా బంగారం లాంటి మాట. పక్కింటివాళ్ళకి ఆ రోజు తెలిసుంటే ఎంత బాగుండేది!

జయపురం_లినక్స్
పక్కింటివాళ్ళది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీయా? ఫార్మాట్ అయ్యాక ఎక్కువ వాడారా?

కాశీనగర్_కోడలు
పాత హార్డ్ డిస్కేనంట, తిరిగే చప్పుడు వస్తుంది. తెచ్చాక ఆవిడ బాధతో మళ్ళీ ఆన్ కూడా చెయ్యలేదు.

జయపురం_లినక్స్
అయితే ఆశ వదులుకోవద్దని చెప్పండి. ఇప్పుడే, ఈ రోజే. ఆ కంప్యూటర్ అస్సలు ఆన్ చెయ్యొద్దు. మామూలు ఫార్మాట్‌లో ఫైళ్ళ చిట్టా పోతుంది గానీ, వాటి మీద ఇంకేదీ రాయనంతవరకు డేటా అక్కడే ఉంటుంది. కొత్త విండోస్ ఎక్కినచోట ఉన్నవి పోయినట్టే, మిగతా చోట ఉన్నవి దొరకొచ్చు. ఆ డిస్క్ విప్పి, ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఫోటోరెక్ అనే ఉచిత టూల్ నడపాలి. దొరికిన ఫోటోలు అదే డిస్క్‌లో కాకుండా వేరే డిస్క్‌లో వెయ్యాలి. పేర్లు, ఫోల్డర్లు ఉండవు, ఫోటోలు గుట్టగా వస్తాయి. ఏరుకోవాలి. అదే ఎస్‌ఎస్‌డీ అయితే ఫార్మాట్‌తోనే ట్రిమ్ అనేది లోపల శుభ్రం చేసీస్తుంది, దాదాపు ఏమీ మిగలదు. వాళ్ళది హార్డ్ డిస్క్ కావడం అదృష్టం.

కాశీనగర్_కోడలు
చెప్పీసి వచ్చాను. ఆవిడ ఏడ్చీసింది. వాళ్ళ తమ్ముడు పర్లాకిమిడిలో ఉన్నాడు, ఆదివారం వచ్చి డిస్క్ పట్టుకెళ్తానన్నాడు.

గుణుపురం_కుర్రోడు
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. నేనూ రికవరీ డ్రైవ్ చేద్దామని మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో టూల్ తెరిస్తే "కొన్ని అవసరమైన ఫైళ్ళు లేవు, డ్రైవ్ తయారు చెయ్యలేం" అన్న అర్థం వచ్చేలా ఏదో ఇంగ్లీషులో వచ్చి ఆగిపోయింది. పెన్ డ్రైవ్ మార్చినా అదే.

పెన్‌డ్రైవ్_పంతులు
ఆ మెషిన్‌కి తర్వాత ఎవరైనా ఎస్‌ఎస్‌డీ వేశారా?

గుణుపురం_కుర్రోడు
అవును మాస్టారూ, పోయినేడాది షాపులో వేయించాం. పాతదాంట్లో ఉన్నదంతా దీనికి ఎక్కించి ఇచ్చారు. ఎలా కనిపెట్టారు?

పెన్‌డ్రైవ్_పంతులు
అలా ఎక్కించేటప్పుడు సీ డ్రైవ్ ఒక్కటే కాపీ చేసి, పక్కనుండే చిన్న రికవరీ పార్టిషన్‌ని (డిస్క్‌లో విడిగా ఉంచిన భాగం) వదిలేస్తుంటారు. రికవరీ డ్రైవ్ టూల్‌కి ముడిసరుకు ఆ పార్టిషన్‌లోనే ఉంటుంది.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరువు. రీఏజెంట్ అన్న ఇంగ్లీషు మాటకి చివర సి అక్షరం అతికించి కొట్టు, ఒక ఖాళీ వదిలి, ముందుకి వాలిన స్లాష్, దానికి ఆనించి ఇన్ఫో. స్టేటస్ దగ్గర డిసేబుల్డ్ అని వస్తే, అదే మాట మళ్ళీ కొట్టి ఇన్ఫో బదులు ఎనేబుల్ అను. చాలాసార్లు దాంతోనే దారికొస్తుంది.

ఫైలు దొరకలేదంటే మాత్రం విన్‌ఆర్‌ఈ అనే ఫైలే (రిపేరు పనిముట్లు అందులోనే ఉంటాయి) లేదన్నమాట. మీ విండోస్ వెర్షన్‌కి సరిపోయే ఐఎస్ఓ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉన్న ఒకే ఫైల్) మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించి, అందులో సోర్సెస్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అనే పెద్ద ఫైల్‌ని 7-జిప్ అనే ఉచిత టూల్‌తో తెరిస్తే, లోపల విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్‌లో అది ఉంటుంది. దాన్ని నీ కంప్యూటర్‌లో అదే చోట పెట్టి మళ్ళీ ఎనేబుల్ కొట్టు.

గుణుపురం_కుర్రోడు
ఎనేబుల్‌తోనే అయిపోయింది మాస్టారూ!! ఇప్పుడు ఆకుపచ్చ గీత నడుస్తోంది. ఆ షాపువాళ్ళకి నేనేం చెప్పాలి?

పెన్‌డ్రైవ్_పంతులు
ఇంకెవరికైనా డిస్క్ మారిస్తే రికవరీ పార్టిషన్ కూడా ఎక్కించమని మర్యాదగానే చెప్పు.

రాయగడ_ఎక్స్‌ప్రెస్
ఇంతమంది ఇన్ని చెప్పారు గానీ బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం, సంగతి ఎవరూ ఎత్తలేదు. విండోస్ 11 హోమ్‌లో కూడా అదే తాళం డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా మెషిన్లలో మనకి తెలియకుండానే ఆన్ అవుతుంది. అప్పుడు మీ లినక్స్ పెన్ డ్రైవ్, బావగారి నోట్‌ప్యాడ్ కిటుకు, ఏదీ ఆ తాళానికి ఉండే 48 అంకెల రికవరీ కీ లేకుండా డిస్క్‌ని తెరవలేవు. 2024 జులై 19న ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెర దగ్గర కూలబడ్డాయి గుర్తుందా? సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక్క ఫైల్ చెరిపేస్తే చాలు, కానీ కీ చేతిలో లేక ఎన్నోచోట్ల గంటల తరబడి కూర్చున్నారు.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో డివైస్ ఎన్‌క్రిప్షన్ చూడండి. ఆన్ ఉంటే, మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో మీ డివైస్ కింద కీ ఉంటుంది, కాగితం మీద రాసుకోండి.

కాశీనగర్_కోడలు
చూశాను, ఆన్‌లోనే ఉంది! ఎవరు పెట్టారో దేవుడికెరుక. కీ రాసుకుని మావయ్యగారి పట్టాల సంచిలోనే పెట్టీశాను.

32 జీబీది కొన్నాను, బావగారు చెప్పిన పరీక్ష చేశాను, డ్రైవ్ కూడా తయారైంది. చివర్లో "డిలీట్ ద రికవరీ పార్టిషన్" అని అడిగింది. జాగా మిగులుతుందంట. కొట్టీయనా?

పెన్‌డ్రైవ్_పంతులు
వద్దు. ఫినిష్ మాత్రమే కొట్టండి. పెన్ డ్రైవ్ ఎప్పుడైనా పోవచ్చు, ఆ పార్టిషన్ అక్కడే ఉండనివ్వండి.

గంజాం_గాలివాన
పార్టిషన్ కంప్యూటర్‌లోనే ఉన్నప్పుడు అసలు పెన్ డ్రైవ్ దేనికి? ఇది నిజంగానే అడుగుతున్నాను.

పెన్‌డ్రైవ్_పంతులు
డిస్కే పోతే దాంతోపాటు పార్టిషనూ పోతుంది, ఒకటి. రెండోది, 2025 అక్టోబర్ 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ తర్వాత రికవరీ తెర మీద యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ రెండూ పని చెయ్యడం మానేశాయి. తెర కనిపిస్తుంది, ఏదీ నొక్కలేం. 20వ తేదీన అత్యవసరంగా ఇంకో అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ఆ మధ్యలో చిక్కుకున్నవాళ్ళకి మైక్రోసాఫ్ట్ చెప్పిన దారుల్లో ఒకటి, ముందే చేసుకున్న రికవరీ డ్రైవ్‌తో బూట్ చెయ్యమని.

గంజాం_గాలివాన
నాకూ ఒకటి చేసుకుంటాను అయితే.

కాశీనగర్_కోడలు
ఇది పని చేస్తుందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చా? భయంగా ఉంది, తప్పు బటన్ నొక్కితే అంతా పోతుందేమోనని.

బరంపురం_బావ
చూసుకోవాలి కూడా. పెన్ డ్రైవ్ పెట్టి ఉంచి, షిఫ్ట్ నొక్కిపట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. నీలం తెర మీద "యూజ్ ఏ డివైస్" ఎంచుకుని పెన్ డ్రైవ్ పేరు నొక్కండి. కీబోర్డు భాష అడిగిందంటే పెన్ డ్రైవ్ నుంచి లేచినట్టే. అక్కడ యూఎస్ అనండి. ట్రబుల్‌షూట్‌లోకి వెళ్తే "రికవర్ ఫ్రమ్ ఏ డ్రైవ్" కనిపించాలి. కనిపిస్తే చాలు, దాన్ని నొక్కొద్దు. వెనక బాణం కొట్టుకుంటూ వచ్చి టర్న్ ఆఫ్ చేసి, పెన్ డ్రైవ్ తీసి ఆన్ చెయ్యండి.

విండోస్ అసలే లేవని రోజున షిఫ్ట్ దారి ఉండదు, ఆన్ చెయ్యగానే బూట్ మెనూ కీ టకటకా నొక్కాలి. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ముందు ఎస్కేప్ తర్వాత ఎఫ్9, ఏసస్ లాప్‌టాప్‌లకి ఎస్కేప్. మీ మెషిన్‌ది ఏదో ఇప్పుడే చూసి పెన్ డ్రైవ్‌కి చీటీ కట్టండి.

కాశీనగర్_కోడలు
కనిపించింది. నొక్కలేదు. మళ్ళీ మామూలుగా ఆన్ అయింది. పట్టాల కాపీకి వేరే హార్డ్ డిస్క్ ఈ నెలాఖరుకి కొంటాం, అందాకా మా ఆయన ఫోన్‌లోనూ వేశాను.

సూరత్_బరంపురం
ఈ థ్రెడ్ చదువుతుండగానే ఇంటి నుంచి ఫోన్. నేను సూరత్‌లో ఉన్నాను, లాప్‌టాప్ బరంపురంలో నాన్నగారి దగ్గర ఉంది. బయోస్ అప్‌డేట్ అయిందంట, ఆన్ చేస్తే నీలం తెర మీద రికవరీ కీ అడుగుతోంది. అకౌంట్ నాదే. నేను ఇక్కణ్ణుంచి ఏమైనా చెయ్యగలనా?

రాయగడ_ఎక్స్‌ప్రెస్
చెయ్యగలరు. ఆ తెర మీద కీ ఐడీ అని ఉంటుంది, దాని మొదటి 8 అక్షరాలు నాన్నగారిని చదవమనండి. మీ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి రికవరీ కీల పేజీ చూడండి, ఒకటికంటే ఎక్కువ ఉంటే ఆ 8 అక్షరాలు కలిసినదే అసలుది. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు. ఒక్కో గుంపు చదివి, ఆయన తిరిగి చదివాక ఇంకోదానికి వెళ్ళండి.

సూరత్_బరంపురం
దొరికింది. కానీ లాప్‌టాప్‌లో పై వరస అంకెల కీలు సగం పని చెయ్యవంట, ఎప్పుడో టీ ఒలికిందంట. మధ్యలో గీతలు కూడా కొట్టాలా?

పెన్‌డ్రైవ్_పంతులు
గీతలు వాటంతటవే పడతాయి, కొట్టక్కర్లేదు. అంకెల కీలు పోతే ఎఫ్ కీలు వాడమనండి. ఆ తెర మీద ఎఫ్1 అంటే 1, ఎఫ్2 అంటే 2, అలా ఎఫ్9 దాకా. సున్నాకి ఎఫ్10. లాప్‌టాప్‌లో ఎఫ్ కీలు వెలుగు, సౌండు పనులు చేస్తుంటే ఎఫ్‌ఎన్ పట్టుకుని నొక్కాలి.

సూరత్_బరంపురం
నాలుగో గుంపులో ఉన్నాం. నాన్నగారు కళ్ళజోడు మార్చుకుంటానంటున్నారు.

గంజాం_గాలివాన
తొందరపెట్టకండి ఆయన్ని.

సూరత్_బరంపురం
పడింది! విండోస్ లేచింది. అందరికీ దండాలు.

పెన్‌డ్రైవ్_పంతులు
ఫోన్ పెట్టెయ్యకండి. ఆ 48 అంకెలు ఇప్పుడే నాన్నగారి చేత డైరీలో రాయించండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు కీబోర్డు మార్పించి, అదే లాప్‌టాప్‌లో రికవరీ డ్రైవ్ చేసి వెళ్ళండి. డైరీ, పెన్ డ్రైవ్ రెండూ లాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టొద్దు.